బుధవారం పేజీ

జూన్ 4, ఆదివారం, పెంతెకొస్తు

ఇవాళ్టితో మత్లకల అనే పేరు వదిలింది, పీడ విరగడైంది. ఫాకిసి అయ్యగారు పిల్ల తల మీద చెయ్యి పెట్టి "దినెయో" అని పిలిచి ప్రార్థన చేశారు. మందిరం కిటకిటలాడిపోయింది. జూన్ అంటే మాకు నడి చలికాలం, కొండ మీది మంచు గాలి కోసేస్తున్నా నేను కిటికీలు మూయనివ్వలేదు, బయట నిలబడ్డవాళ్ళకి కూడా ఆ పేరు వినపడాలని.

మత్లకల అంటే చెత్త. కన్నతల్లి పెట్టిన పేరే. ముందు పుట్టిన ఇద్దరూ పాలు తాగే వయసులోనే పోయారు. మూడోదాని మీద చావు కన్ను పడకూడదని తల్లి మాసెచబా దాన్ని చెత్త అని పిలిచింది. మా కొండ ఊళ్ళల్లో ఇలాంటి పేర్లు ఇంటికొకటి ఉంటాయి. ఇరవై ఏళ్ళ పిల్ల, ఈ యేడు నాయకత్వ శిక్షణకి వచ్చిన పద్దెనిమిది మందిలోకీ చురుకైనది. అది వాక్యం చెబుతుంటే ముసలివాళ్ళు కూడా కునికిపాట్లు మానేసి వింటారు. అలాంటిది రేపు యౌవనస్థుల కూటమి ముందు నిలబడి, "అందరికీ వందనాలు, నా పేరు చెత్త" అనాలా? రెండేళ్ళు వెంటపడి ఒప్పించాను.

దినెయో అని నేనే ఎంచాను. కానుకలు అని అర్థం. అంతకు మించి ఏమీ లేదు.

పెళ్ళయిన రోజు మా అత్తగారు నాకు మాదినెయో అని పేరు పెట్టింది, దినెయోకి తల్లి అని. మా పద్ధతే అంత, బిడ్డ కడుపున పడకముందే బిడ్డ పేరు తల్లి నెత్తిన పెడతారు. ముప్ఫై ఒక్క ఏళ్ళయింది. మా ఆయన గనిలో ఊపిరితిత్తులు పాడుచేసుకుని వచ్చి పోయాడు, దినెయో అసలు రానే లేదు. దానికీ దీనికీ సంబంధం లేదు. మంచి పేరు, వాడకుండా పడి ఉంది, ఇచ్చాను.

ఆరాధన అయ్యాక మాసెచబా నా దగ్గరకి వచ్చింది. వాళ్ళ ఊరు హా-మొలుపె నుంచి చిన్నదాన్ని వీపున కట్టుకుని నడిచి వచ్చింది పాపం.

"ఇంట్లో మేము పాత పేరే పిలుచుకుంటే పర్లేదా అమ్మా?"

"పర్లేదేంటి మాసెచబా? ప్రభువు కడిగినదాన్ని మళ్ళీ చెత్త అంటావా?"

తల వంచుకుంది. "మీరు చదువుకున్నవాళ్ళు. మీకు తెలుస్తుంది" అంది.

చిన్నదానికి ఆరేళ్ళు. దానికి మాత్రం నలేది అని, నక్షత్రమని, బంగారంలాంటి పేరు పెట్టుకుంది. అప్పటికి భయం తగ్గిందట. మరి పెద్దదాని విషయంలో ఎందుకో ఆ గొణుగుడు.


జూన్ 6, మంగళవారం

ఉపవాసం మొదలైంది. మంగళ, బుధ, గురు. శుక్రవారం పొద్దున పులిసిన జావ తాగి విడవడం, నాయకులైనందుకు గుర్తుగా భుజం మీంచి ఎర్ర పట్టీ వేసుకోవడం. పంతొమ్మిదేళ్ళుగా ఈ మూడు రోజులే నా శిక్షణకి ప్రాణం. పగలంతా ఎవరి కంబళి వాళ్ళు కప్పుకుని, కొండ వాలున ఎవరి బండ దగ్గర వాళ్ళు కూర్చోవాలి. మంచినీళ్ళు తప్ప ఏమీ లేదు. మాటల్లేవు. చలేస్తోందనీ, నొప్పిగా ఉందనీ ఎవరికీ చెప్పుకోకూడదు. నాయకుడి బాధ మంద కంట పడకూడదు. ఈ నియమం నేనే పెట్టాను. మొదట్లో సంఘపెద్దలు గొణిగారు. ఇప్పుడు పక్క మిషన్ల వాళ్ళు వచ్చి రాసుకుని మరీ వెళ్తున్నారు.

అందరూ బాగా కూర్చున్నారు. దినెయో అందరికంటే పైన ఉన్న బండ ఎంచుకుంది.


జూన్ 7, బుధవారం

దినెయో నియమం తప్పింది. మధ్యాహ్నం కొండ దిగి వచ్చి నా గది గుమ్మంలో కూలబడింది, కడుపు పట్టుకుని.

"ఏమిటే?" అన్నాను.

"కడుపులో నొప్పమ్మా. ఇక్కడ." కుడివైపు, కింద చూపించింది.

"రెండో రోజు అందరికీ ఉండేదే. ఖాళీ కడుపు గోల చెయ్యదా? సైతాను ముందు కడుపు మీదకే వస్తాడు."

"సైతానుకి కుడివైపే ఇష్టమా అమ్మా?"

నవ్వాను. నవ్వకుండా ఎలా ఉంటాను. తనూ నవ్వబోయి, మధ్యలో ఆపేసి పళ్ళు బిగబట్టింది.

"క్లినిక్కు దాకా వెళ్ళి రానా?" అంది.

క్లినిక్కు గంటన్నర నడక. వెళ్తే ఉపవాసం పోతుంది, ఉపవాసం పోతే పట్టీ లేదు.

"వెళ్తానంటే వెళ్ళు. నేనేం కాళ్ళు కట్టెయ్యలేదు. కానీ పద్దెనిమిది మందిలో ముందు దిగిపోయింది నువ్వేనంటే, మొన్న ఆదివారం నీకు పేరు పెట్టించిన నా మొహం ఎక్కడ పెట్టుకోవాలి?"

కాసేపు కూర్చుంది. తర్వాత, "సరే అమ్మా, ఓర్చుకుంటాను" అని లేచింది. నా కంబళి కూడా కప్పి పంపించాను.

ఎవరికీ చెప్పుకోకూడదని తెలిసి కూడా నా దగ్గరకి వచ్చి చెప్పుకుంది. తప్పే. కానీ ఇక్కడ ఒక మాట రాసుకోవచ్చు, ఎవరు చూస్తారు గనక. నాకు సంతోషంగా ఉంది. కూతురు తల్లి దగ్గరకే కదా వస్తుంది.


జూన్ 8, గురువారం

నొప్పి పోయింది! పొద్దున పైకెక్కి చూస్తే దినెయో బండకి చేరగిలబడి కూర్చుని ఉంది. తెల్లవారుజామున లోపల ఏదో తెగినట్టయి, ఒక్కసారిగా హాయిగా అనిపించిందట. "గెలిచావే తల్లీ" అన్నాను. దీని సాక్ష్యం ఆదివారం మందిరంలో చెప్పించాలి. పిల్లలు ఇలాంటివి వినాలి.

మొహం పాలిపోయి ఉంది. సాయంత్రం నుదురు ముట్టుకుంటే వేడి. చలికి అయ్యుంటుంది.


జూన్ 10, శనివారం

దినెయో లేదు.


జూన్ 11, ఆదివారం

ఆరాధనకి వెళ్ళలేదు. జలుబని కబురు చేశాను.


జూన్ 12, సోమవారం

రాస్తే కాస్త స్థిమితపడతానేమో.

శుక్రవారం తెల్లవారుతుండగా దినెయో పక్క మంచం పిల్ల పులెంగ్ వచ్చి తలుపు కొట్టింది. వెళ్ళేసరికి దినెయోకి స్పృహ సరిగ్గా లేదు, కడుపు రాయిలా బిగుసుకుపోయింది. వ్యాను దొరికేసరికి ఎండ పొడిచింది. నా ఒళ్ళోనే పడుకోబెట్టుకున్నాను. జిల్లా ఆసుపత్రి గేటు కనపడుతుండగా పోయింది.

అపెండిక్స్ పగిలి కడుపంతా విషమైపోయిందని డాక్టరు చెప్పాడు. కుర్రవాడు, ఎంతో మర్యాదగా మాట్లాడాడు. "నొప్పి ఎప్పటి నుంచమ్మా?" అని అడిగాడు. "నిన్న సాయంత్రం నుంచి" అన్నాను. "ఇది ఒక్కరోజులో అయ్యేది కాదు. ముందే చెప్పి ఉండాల్సింది ఆ పిల్ల" అన్నాడు.

ఎందుకలా అన్నానో. కంగారు. కంగారే, ఇంకేం కాదు.


జూన్ 14, బుధవారం

హా-మొలుపె వెళ్ళాను. మాసెచబా ఇంట్లో సామానంతా తీసేసి నేల మీద పరుపు వేశారు. నల్ల శాలువా కప్పుకుని గోడవైపు తిరిగి కూర్చుని ఉంది. ఊరి ఆడవాళ్ళంతా చుట్టూ ఉన్నారు. నేను గుమ్మంలో అడుగు పెట్టగానే మాటలు ఆగాయి. ఆమె పినతల్లి ఒకావిడ, పళ్ళులేని ముసల్ది, మాత్రం ఆపలేదు. నాకు వినపడాలనే అంటోంది.

"చెత్త అంటే చావు తొంగి చూడలేదు, ఇరవై ఏళ్ళు. ఇప్పుడు కడిగి, తుడిచి, కానుక అని పేరెట్టి గుమ్మంలో పెట్టారు. కానుకంటే ఎవరు వదిలేస్తారు? ఎత్తుకెళ్ళింది. అయిదు రోజులు. అయిదంటే అయిదే రోజులు ఆగింది."

"పిన్నీ, ఊరుకో" అంది మాసెచబా గోడవైపు నుంచే. "ఆవిడనెందుకు అంటావు? ఒప్పుకున్నది నేను. నా నోటితో నేనే సరేనన్నాను. నా బిడ్డని నేనే చంపుకున్నాను."

ఇంతకాలం నేను ఈ మూఢత్వాన్ని ఎంత వెటకారం చేశానో. పేరుకి చావుకి సంబంధం ఏమిటమ్మా, రోగానికి పేర్లు చదవడం వచ్చా అని పిల్లల్ని నవ్వించేదాన్ని. ఇవాళ నోరెత్తితే ఆ మాటే చెప్పాలి. పేరు కాదు మాసెచబా, అని. అంటే వెంటనే అడుగుతుంది, మరేంటమ్మా, అని.

నోరెత్తలేదు.

ఆసుపత్రి కాగితం ఇచ్చి చదివి చెప్పమంది. ఇంగ్లీషులో ఉంది. "కడుపులో జబ్బు, హఠాత్తుగా వచ్చింది" అని చెప్పాను. హఠాత్తుగా అన్న మాట అందులో లేదు.

చుట్టాలంతా చేరేదాకా పెట్టె ఆసుపత్రిలోనే ఉంటుంది, సమాధి ఇరవై నాలుగున. వచ్చేటప్పుడు నా చెయ్యి పట్టుకుంది. సమాధి రోజున మనిషి ఎలా జబ్బుపడిందీ ఎలా పోయిందీ దగ్గరున్నవాళ్ళు లేచి చెప్పాలి కదా, అది చెప్పందే మా దగ్గర మట్టి వెయ్యరు. "మీరే చెప్పాలమ్మా. చివరిదాకా మీ ఒళ్ళోనే ఉంది" అంది.

సరేనన్నాను.


జూన్ 15, గురువారం

పులెంగ్ వచ్చింది. గుమ్మం దగ్గరే నిలబడి చేతులు నలుపుకుంటోంది.

"అమ్మా, ఉపవాసంలో ఆ బుధవారం అది మీ దగ్గరకి వచ్చింది కదా?"

"వచ్చింది. ఉపవాసంలో విన్నది ఉపవాసంలోనే ఉండాలి. నియమం తెలుసుగా?"

"తెలుసమ్మా. కానీ వాళ్ళమ్మ పేరు వల్లే పోయిందని తల బాదుకుంటోంది కదమ్మా, మరి..."

"పులెంగ్."

"సరే అమ్మా."

వెళ్ళిపోయింది. ఎంత చక్కగా మాట వింటుందో. పంతొమ్మిదేళ్ళుగా నేను తయారు చేసింది ఇదే కాబోలు.


జూన్ 24, శనివారం

సమాధి చేశాం.

పదిహేడు మంది పిల్లలూ తెల్ల చొక్కాల మీద ఎర్ర పట్టీలు వేసుకుని పాడారు. పద్దెనిమిదోది పెట్టె మీద పరిచారు. పట్టీ మీద దినెయో అని కుట్టి ఉంది. సిలువ మీద మాత్రం మాసెచబా మత్లకల అని రంగుతో రాయించింది. ఫాకిసి అయ్యగారు చూసి మొహం చిట్లించారు గానీ ఏమీ అనలేదు.

నన్ను పిలిచారు. లేచాను. గొంతు బాగానే వచ్చింది, అదే నాకు అసహ్యం. గురువారం దాకా నవ్వుతూ తిరిగిందనీ, సాయంత్రం హఠాత్తుగా జ్వరం వచ్చిందనీ, శుక్రవారం ప్రభువు పిలుచుకున్నాడనీ చెప్పాను. ఆడవాళ్ళు ఏడ్చారు. నేనూ ఏడ్చాను, నిజంగానే ఏడ్చాను. పిల్లల వరసలో పులెంగ్ నేల చూస్తూ నిలబడింది.

మగవాళ్ళు పారలు అందుకున్నారు. నేను చెప్పడం అయింది కదా, మట్టి వేశారు.


జూన్ 25, ఆదివారం

ఏడో తేదీ బుధవారం పేజీ చదివాను. చదవకుండా ఉండాల్సింది.

చింపితే చింపినట్టు తెలుస్తుంది. జొన్నపిండి కాచి బుధవారం పేజీనీ ఎదురుగా ఉన్న గురువారం పేజీనీ కలిపి అంటించేశాను. మీద నీళ్ళ బిందె పెట్టాను. ఎవరికి తెలుస్తుందని ఈ జాగ్రత్త? ఈ పుస్తకం నేను తప్ప ఎవరూ తెరవరు.


జూన్ 29

ప్రార్థన రావడం లేదు. మోకరిస్తే మోకాళ్ళ నొప్పి తప్ప ఏమీ లేదు. ప్రభువు కూడా నా నియమమే పాటిస్తున్నట్టున్నాడు, ఉలుకూ పలుకూ లేదు.


జూలై 16, ఆదివారం

మూడు వారాలుగా నలేది ఆదివారం బడికి రావడం లేదు. అడగడానికి హా-మొలుపె వెళ్ళాను. అడగడానికేనా? సరే, చెప్పడానికి కూడా. దారి పొడుగునా మాటలు కూడబలుక్కున్నాను.

పిల్ల వాకిట్లో బూడిద దగ్గర కూర్చుని ఉంది. జుట్టు అట్టలు కట్టింది, ముక్కు కారి ఎండిపోయింది. ఆ ఇల్లు ఎంత శుభ్రమైన ఇల్లో నాకు తెలుసు. నన్ను చూసి లేచి, "అమ్మా, మా అమ్మ నన్నిప్పుడు ఎత్తుకోదు" అంది. ఫిర్యాదులా కూడా లేదు, వార్త చెప్పినట్టు చెప్పింది.

లోపల్నుంచి మాసెచబా, "ఏయ్, నువ్వు. ఇటు రా" అంది.

"నలేది అని పిలవొచ్చుగా" అన్నాను.

"పిలవను. పేరే లేకపోతే దేన్ని పట్టుకుని పిలుస్తుందమ్మా చావు? దాన్ని కడగను, దువ్వను, దగ్గరికి తీసుకోను. ఎవరికీ అక్కర్లేనిదిలా ఉంటే వదిలేస్తుంది." నల్ల శాలువా సరిచేసుకుంది. "ఒకదాన్ని ముద్దు చేసి చంపుకున్నాను. రెండో తప్పు చెయ్యను."

"అది ఆరేళ్ళ పిల్ల మాసెచబా. ఏడుస్తోంది."

"ఏడవనివ్వండి. ఏడుస్తోందంటే బతికే ఉంది కదా."

ఇప్పుడు చెప్పాలి. ఇదే సమయం. నోరు తెరిచాను. "మాసెచబా, పేరు వల్ల కాదు..." అన్నాను.

"మీ మంచితనం అలా అనిపిస్తుంది" అంది. "మీ తప్పేం లేదమ్మా. మీరు కానుకిచ్చారు. భద్రం చేసుకోలేకపోయింది నేను."

లేచి నాకు జావ తెచ్చి ఇచ్చింది. తాగాను. గిన్నె అడుగంటా తాగి, వందనాలు చెప్పి వచ్చేశాను.


జూలై 17

చెప్పాలి.


జూలై 19

రేపు.


జూలై 20

మంచు పడింది. హా-మొలుపె దారి మూసుకుపోయింది. అమ్మయ్య అనుకున్నాను. అనుకున్నందుకు నన్ను నేను ఏం చేసుకోవాలి?


జూలై 28

దారి తెరిచారట. కాలు బెణికింది.

బెణకలేదు.


ఆగస్టు 6, ఆదివారం

ఆరాధన తర్వాత ఫాకిసి అయ్యగారు నన్ను ఉండమన్నారు. వచ్చే ఏడు నుంచి మన ఉపవాసానికి దినెయో ఉపవాసం అని పేరు పెడదామనుకుంటున్నారట. చివరి ఘడియ దాకా మాట తప్పని యౌవనస్థురాలు అని, శిక్షణ గదిలో ఫోటో పెడతారట. నన్ను రెండు పేజీలు రాసివ్వమన్నారు, పిల్లలకి పాఠంగా చెప్పడానికి.

అక్కడే చెప్పేశాను. గుమ్మంలో కూలబడటం, కుడివైపు చూపించడం, క్లినిక్కుకి వెళ్తానంటే నేను అన్న మాట, అంతా. ఒక్కసారి మొదలుపెడితే ఆగలేదు. ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టుకున్నారు.

"మీకేం తెలుసమ్మా, మీరు డాక్టరా?" అన్నారు చివరికి.

"డాక్టరు దగ్గరకి వెళ్తానంది అయ్యగారూ. నేను మొహం చెల్లదన్నాను."

"ఇప్పుడు వాళ్ళమ్మకి చెబితే ఎవరికి మేలు? పిల్ల తిరిగొస్తుందా? శిక్షణ మూతపడుతుంది. పంతొమ్మిదేళ్ళ పరిచర్య. ప్రభువు చిత్తమని తల వంచండి."

ఆ మాట నాకు ఎంత కావాలనిపించిందో. చన్నీళ్ళల్లో తడిసి వచ్చినవాడికి కంబళి ఇచ్చినట్టు ఇచ్చారు. కప్పుకుని ఇంటిదాకా వచ్చాను. తలుపు తీసేసరికి ఆ బూడిద దగ్గర కూర్చున్న పిల్ల గుర్తొచ్చింది. ప్రభువు చిత్తమైతే నలేది జుట్టు ఎందుకు అట్టలు కట్టాలి? అది ఆయన పని కాదు, నా పని. నేను నోరు మూసుకున్న ప్రతి రోజూ ఆ తల్లి ఆ పిల్లని ఎత్తుకోవడం లేదు.

నాకు దేవుడంటే ఇప్పుడు ఏమీ అనిపించడం లేదు. భయం కూడా లేదు. మాసెచబా అంటే భయంగా ఉంది.


ఆగస్టు 11, శుక్రవారం

నా నోటి మీద నాకు నమ్మకం లేదు. వెళ్తే మళ్ళీ జావ తాగి వస్తాను. అందుకని కెటిలు పెట్టి ఆవిరి పట్టి పేజీలు విడదీశాను. గురువారంది సగం చిరిగింది. బుధవారంది చెక్కు చెదరలేదు, ఒక్క అక్షరం కూడా చెరగలేదు.


ఆగస్టు 12, శనివారం

వెళ్ళాను.

మాసెచబా వాకిట్లో జొన్నలు చెరుగుతోంది. పిల్ల గోడ పక్కన పడుకుని ఉంది, కుక్క వీపు మీద తల పెట్టుకుని. "రండమ్మా" అని చాప వేసింది. నేను కూర్చోలేదు.

"నీకొకటి చదివి వినిపించాలి" అన్నాను. "నేను రాసుకున్నది. బుధవారం రాసింది. అది పోవడానికి రెండు రోజుల ముందు."

చేట ఒళ్ళో పెట్టుకుంది. నిలబడే చదివాను. మొదటి వాక్యం నుంచి చివరి వాక్యం దాకా, ఏమీ వదలకుండా. కూతురు తల్లి దగ్గరకే కదా వస్తుంది అన్నది కూడా చదివాను. దాన్ని వదిలేద్దామని దారంతా అనుకున్నాను, కానీ కళ్ళు ఆగలేదు.

మాసెచబా చేటలోంచి ఒక రాయి ఏరి పారేసింది.

"మళ్ళీ చదవండి" అంది.

మళ్ళీ చదివాను. సైతానుకి కుడివైపే ఇష్టమా అన్న దగ్గర చెయ్యెత్తి ఆపింది.

"అలా అందా?"

"అంది."

"నొప్పిలో కూడా అలా అందా?" నవ్వొచ్చిందో ఏడుపొచ్చిందో, శాలువా కొంగుతో మూతి తుడుచుకుంది. "దాని మాటే. అచ్చం దాని మాటే." చేటలో జొన్నల్ని వేలితో ఇటూ అటూ జరిపింది. "గంటన్నర నడక. నేనైతే వీపున వేసుకుని పరిగెత్తి ఉందును."

క్షమించమని అడగాలని వచ్చాను. అడగడానికి నాకు నోరు లేదు.

"అయితే పేరు కాదన్నమాట" అంది.

"కాదు."

"నేను సరేనన్నందుకు కాదు."

"కాదు మాసెచబా. పేరు పెట్టకపోయినా ఆ నొప్పి వచ్చేది. క్లినిక్కుకి వెళ్ళి ఉంటే బతికేది. నేను ఆపాను."

లేచింది. చేట ఒళ్ళోంచి జారి జొన్నలన్నీ వాకిలంతా పరుచుకున్నాయి, చూడలేదు. కొడుతుందేమో అనుకున్నాను. కొట్టి ఉంటే బాగుండేది.

"నీ పేరేంటి?" అంది.

అర్థం కాలేదు. "మాదినెయో" అన్నాను.

"అది కాదు. దినెయోకి నువ్వు తల్లివి కాదు. దినెయో అని ఎవరూ లేరు. నా కడుపున పుట్టింది మత్లకల, నొప్పొచ్చి తల్లిలాంటిదానివని నీ గుమ్మంలోకి వచ్చింది, నువ్వు నీ మొహం చూసుకున్నావు. పుట్టింట్లో నిన్నేమని పిలిచేవాళ్ళు?"

ఇన్నేళ్ళలో ఆమె నన్ను మీరు అనకుండా మాట్లాడటం ఇదే మొదటిసారి. ఆ పేరు నా నోట వచ్చి ముప్ఫై ఒక్క ఏళ్ళయింది. పిలిచేవాళ్ళు అందరూ పోయారు.

"సెల్వానె" అన్నాను.

"వెళ్ళు సెల్వానే. ఇంకెప్పుడూ ఈ గుమ్మం తొక్కకు."

పుస్తకం శాలువాలో పెట్టుకుని వచ్చేశాను. వాగు దాటి కొండ ఎక్కడం మొదలుపెట్టాక వెనక నుంచి వినపడింది. "నలేదీ!" మొదట చిన్నగా, పేరు ఉందో లేదో చూసుకుంటున్నట్టు. తర్వాత గట్టిగా. తిరిగి చూశాను. పిల్ల అప్పటికే తల్లి చంకనెక్కింది, రెండు చేతులతో మెడ చుట్టేసుకుని ఉంది. అయినా ఆమె ఆపలేదు. నలేదీ, నలేదీ, అని పిలుస్తూనే ఉంది. కొండ పైకి వచ్చేదాకా నాకు వినపడుతూనే ఉంది.